హార్వర్డ్ ముందుకు, యేల్ వెనక్కి: అలాస్కా ఓడలో చివరి సాయంత్రం

అలాస్కా క్రూయిజ్‌లో చివరి రోజు మధ్యాహ్నానికే కారిడార్లలో సూట్‌కేసులు కనబడడం మొదలవుతుంది. ఆ రాత్రి పడుకునే ముందు పెట్టెలకు రంగు ట్యాగులు కట్టి తలుపు బయట పెట్టేస్తే, తెల్లారేసరికి ఓడవాళ్ళే రేవులో దించుతారు. దాంతో అందరికీ సర్దుడు టెన్షన్ పట్టుకుంటుంది. మేమూ అంతే. మందపాటి జాకెట్లు, గ్లౌజులు, బైనాక్యులర్స్ అన్నీ అడుగున పడేసి, మీద బట్టలు కుక్కి, జిప్ లాగి, హమ్మయ్య అని కూర్చున్నాం. అరగంట గడిచిందో లేదో స్పీకర్లో కెప్టెన్ గొంతు వినబడింది, కాలేజ్ ఫియోర్డ్‌లోకి వచ్చేశామని. ఫియోర్డ్ అంటే నిటారు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ. డెక్ మీదకు వెళ్తే గాలి ఈడ్చి కొడుతోంది. కేబిన్లోని దుప్పటి కప్పుకుని నిలబడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అలాంటివాళ్ళు ఇంకో పదిమంది దాకా ఉన్నారు కాబట్టి సిగ్గుపడే పని లేకపోయింది.

వారం రోజుల ప్రయాణంలో ఇంత మంచు ఆఖరి సాయంత్రానికే ఎందుకు వస్తుందంటే, మ్యాపు అలా ఉంది మరి. వాంకూవర్ నుంచి ఉత్తరానికి వెళ్ళే ఓడలు ముందు దీవుల మధ్య దారిలో కెచికాన్, జూనో, స్కాగ్‌వే ఊళ్ళు చూపించి, గ్లేసియర్ బేలో ఒక రోజు గడిపి, తర్వాత అలాస్కా సింధుశాఖ దాటి సీవర్డ్‌లోనో విట్టియర్‌లోనో ప్రయాణం ముగిస్తాయి. పసిఫిక్ మీద నుంచి వచ్చే తడిగాలి ఈ ఒడ్డున నిలువుగా లేచిన కొండల్ని గుద్దుకుని, తెచ్చిన తడంతా మంచుగా కుమ్మరిస్తుంది. ఆ మంచే గ్లేసియర్లకు, అంటే కొండల మీంచి పారే మంచు నదులకు, తిండి. దిగాల్సిన రేవులు సరిగ్గా ఆ మంచు పక్కనే ఉన్నాయి. కాబట్టి కొన్ని ఓడలు దిగడానికి ముందు హబ్బర్డ్ గ్లేసియర్ దగ్గరికీ, కొన్ని ప్రిన్స్ విలియం సౌండ్ అనే అఖాతంలో ఉన్న కాలేజ్ ఫియోర్డ్‌కీ వెళ్తాయి. ఇదే రూట్లో దక్షిణానికి వచ్చేవాళ్ళకు వరస తిరగబడుతుంది. పెట్టె విప్పకముందే మంచు ముందు నిలబడతారు.

కాలేజ్ ఫియోర్డ్ పేరు వెనక ఒక సరదా ఉంది. 1899లో ఎడ్వర్డ్ హారిమన్ అనే అమెరికా రైల్వే కోటీశ్వరుడు ఒక ఆవిరి ఓడ మాట్లాడుకుని, దేశంలోని పేరున్న శాస్త్రవేత్తల్ని ఎక్కించుకుని అలాస్కా తీరం వెంట తిరిగాడు. ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ కూడా ఆ ఓడలో ఉన్నాడు. ఈ లోయలోకి రాగానే వాళ్ళు ఒక్కో గ్లేసియర్‌కూ అమెరికా తూర్పు తీరపు కాలేజీల పేర్లు పంచుకుంటూ పోయారు. ఒక గట్టున స్మిత్, వాసర్, వెల్స్‌లీ, బ్రిన్ మార్ లాంటి ఆడపిల్లల కాలేజీలు. లోయ చివర పెద్దవి రెండు, హార్వర్డ్, యేల్. ప్రిన్స్‌టన్ పేరు కావాలనే వదిలేశారని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. అక్కడ తరతరాలుగా ఉంటున్న స్థానికుల్ని ఎవరూ అడిగి ఉండరనుకోండి.

ఇక ఆ రోజు డెక్ మీద నాకు పడ్డ చిక్కుముడి. లోయ చివర ఎడమ పాయలో ఉన్న హార్వర్డ్ గ్లేసియర్ 20వ శతాబ్దమంతా ముందుకు నడుస్తూ వచ్చిందట. కుడి పాయలో, ఒక్క కొండ అడ్డంలో ఉన్న యేల్ అదే కాలంలో కిలోమీటర్ల కొద్దీ వెనక్కి తగ్గిందట. రెంటికీ అదే ఆకాశం, అదే కొండలు, పక్కపక్కన పడే అదే మంచు. ఒకటి లావెక్కుతుంటే ఇంకోటి చిక్కిపోవడం ఏమిటి? పైగా మా కళ్ళ ముందు ధనధనా విరిగిపడుతున్నది హార్వర్డే. నా పక్కనున్న పెద్దాయన ప్రతి ముక్క పడ్డప్పుడల్లా అయ్యో అంటున్నాడు. మంచు విరిగిపడితే గ్లేసియర్ చచ్చిపోతోందని ఆయన లెక్క. నా లెక్కా అప్పటిదాకా అదే.

గ్లేసియర్‌ను తెలుగు పుస్తకాల్లో హిమానీనదం అని ఎందుకు రాస్తారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. అది నిజంగా పారే మంచు. పైన కొండల్లో ఏటేటా పడే మంచు పొర మీద పొరగా అణిగి, రాయిలా గట్టిపడి, తన బరువుకు తానే కిందకు జారుతుంది. పైన చేరేది జమ, కింద కరిగేదీ విరిగేదీ ఖర్చు. నేల మీద ఆగిపోయే గ్లేసియర్‌కు ఈ జమాఖర్చు చాలు. సముద్రంలో కాలు పెట్టిన గ్లేసియర్‌కు మాత్రం ఇంకో లెక్క ఉంది, కాలి కింద నీళ్ళు ఎంత లోతున్నాయన్నది. వీటిని టైడ్‌వాటర్ గ్లేసియర్లంటారు. అలాస్కాలో గ్లేసియర్లు వేలకు వేలున్నా ఈ రకం పదుల సంఖ్యలోనే ఉన్నాయి. ఓడలు చూపించేవి ఎక్కువగా ఇవే.

ముందుకు నడిచే టైడ్‌వాటర్ గ్లేసియర్, దారిలో కొండల్ని రాసుకుంటూ తెచ్చిన రాళ్ళూ మట్టీ ఇసకా అంతా మూతి దగ్గర పోస్తుంది. అది నీటి అడుగున కట్టలా పేరుకుంటుంది. ఆ కట్టే దానికి కాపలా. కట్ట మీద నీళ్ళు లోతుండవు కాబట్టి మంచు విరగడం తగ్గుతుంది, మంచు కన్నా వెచ్చనైన సముద్రపు నీరు కింద నుంచి కొరికి తినడమూ తగ్గుతుంది. గ్లేసియర్ కట్ట వెనకవైపు తవ్వి ముందువైపు పోసుకుంటూ, కట్టను కూడా తోసుకుంటూ నెమ్మదిగా జరుగుతుంది. ఏడాదికి పదుల మీటర్లు కదిలితే ఎక్కువ. శతాబ్దాలు పట్టే నడక అది.

తేడా వచ్చేది ఎప్పుడంటే, ఏదో కారణంగా మంచు పలచబడి కట్ట మీద నుంచి కాలు జారినప్పుడు. వెనక ఉన్నది తాను తవ్వుకున్న గొయ్యే. కొన్నిచోట్ల వందల మీటర్ల లోతు. లోతైన నీళ్ళలో మూతి పట్టు తప్పి విరగడం మొదలవుతుంది. విరిగేకొద్దీ వెనక మంచు వేగంగా వచ్చి పడుతుంది, వేగంగా వచ్చేకొద్దీ సాగి పలచబడుతుంది, పలచబడేకొద్దీ ఇంకా విరుగుతుంది. మళ్ళీ ఎక్కడో నేల పైకి తేలేదాకా, లేదా లోయ ఇరుకయ్యేదాకా ఇది ఆగదు. ముందుకు రావడానికి వెయ్యేళ్ళు పడితే వెనక్కి పోవడానికి వందేళ్ళు చాలు. నా చిక్కుముడి విడేదీ ఇక్కడే: పక్కపక్కనే ఉన్నా ఒకటి కట్ట మీద ఉంటే, ఇంకోటి కట్ట జారి ఉండొచ్చు.

ఇలా జరుగుతుందని ముందే చెప్పి మరీ చూసిన గ్లేసియర్ ఒకటుంది. అదీ ప్రిన్స్ విలియం సౌండ్‌లోనే, పేరు కొలంబియా. 1980 దాకా అది తన కట్ట మీద స్థిరంగా కూర్చుంది. ఇక జారబోతోందని ఆస్టిన్ పోస్ట్, మార్క్ మేయర్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టి చెప్పారు. అన్నట్టే జారింది. అప్పటినుంచి 20 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. ఈ జారుడు వల్ల ఇంకో ఘోరమూ జరిగింది. కొలంబియా నుంచి విరిగి కొట్టుకొచ్చే మంచు గడ్డల్ని తప్పించుకోవడానికే 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ఓడ మామూలు దారి విడిచి పక్కకు మళ్ళింది. మళ్ళినది సకాలంలో తిరిగి దారిలోకి రాలేక బ్లై రీఫ్ అనే రాతి దిబ్బ ఎక్కింది. సుమారు కోటి పది లక్షల గ్యాలన్ల ముడి చమురు సముద్రం పాలైంది. తప్పు మనుషులదే, సందేహం లేదు. కానీ ఆ రాత్రి ఆ దారిలో మంచు ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు నీటి అడుగున ఉన్న మట్టికట్ట దగ్గర దొరుకుతుంది.

హబ్బర్డ్‌ది దీనికి పూర్తిగా ఎదురు కథ. పొడవు 120 కిలోమీటర్ల పైమాటే, మూతి వెడల్పు సుమారు 10 కిలోమీటర్లు. 1895 నుంచి కొలుస్తున్నారు, ముందుకే వస్తోంది. దాని విస్తీర్ణంలో నూటికి 95 వంతులు మంచు పేరుకునే ఎత్తులోనే ఉంది. జమ అంత ఎక్కువ కాబట్టి ఎండలు కొంచెం ముదిరినా దానికి లెక్కలేదు. 1986లో అది మరీ ముందుకొచ్చి పక్కనున్న రస్సెల్ ఫియోర్డ్ నోరు మూసేసింది. లోపలి నీళ్ళకు దారి లేక మట్టం దాదాపు 25 మీటర్లు పెరిగింది. సీల్స్, డాల్ఫిన్ల లాంటి పోర్పాయిస్‌లు అందులో చిక్కుకున్నాయి. ఉప్పునీళ్ళు రోజురోజుకూ మంచినీళ్ళయిపోతుంటే వాటిని బయటికి తేవాలని జనం తంటాలు పడ్డారు. అక్టోబర్‌లో ఆ మంచు ఆనకట్ట తనంతట తానే తెగింది. 2002లో మళ్ళీ మూసుకుంది, మళ్ళీ తెగింది. హబ్బర్డ్ ఉన్న అఖాతం పేరు డిజెన్‌చాంట్‌మెంట్ బే, అంటే ఆశాభంగపు అఖాతం. అట్లాంటిక్‌కు దారి దొరుకుతుందేమోనని 1791లో వచ్చిన మలస్పీనా అనే స్పెయిన్ నావికుడికి మంచు గోడ ఎదురై, ఉసూరుమని పెట్టిన పేరు. ఇప్పుడు జనం అదే గోడను చూడడానికి డబ్బు కట్టి వస్తున్నారు.

అంటే మంచు విరగడం రోగ లక్షణం కాదు. ముందుకొచ్చే గ్లేసియరూ విరుగుతుంది, వెనక్కి పోయేదీ విరుగుతుంది. ఇంగ్లీషులో దీన్ని కాల్వింగ్ అంటారు, ఆవు ఈనడానికి వాడే మాటే. మనమూ గ్లేసియర్ ఈనిందనే అనుకోవచ్చు. ఈనిన ప్రతిసారీ ఆవు చచ్చిపోతుందా మరి?

అలాగని భూతాపం ఉత్తమాటే అనేవాళ్ళకు హార్వర్డ్, హబ్బర్డ్ సాక్ష్యం చెప్పవు. గ్లేసియర్ బేలో 1794లో జార్జ్ వాంకూవర్ అనే బ్రిటిష్ నావికుడి అన్వేషణ బృందం వచ్చినప్పుడు అక్కడ అఖాతమే లేదు, నోటి దగ్గరే మంచు గోడ. 1916 నాటికి ఆ మంచు దాదాపు 100 కిలోమీటర్లు వెనక్కి పోయింది. ఈ పరుగులో చాలా భాగం పెట్రోలు కార్లు రాకముందే జరిగింది, మొదలు చిన్న మంచుయుగం (కొన్ని వందల ఏళ్ళు సాగిన చలి కాలం) ముగియడంతో, వేగం ఇందాక చెప్పిన లోతు లెక్కతో. హూనా ట్లింగిట్ అనే అక్కడి స్థానిక జనం ఆ అఖాతాన్ని తమ భాషలో మంచు ఉన్న చోట ఏర్పడ్డ అఖాతం అని పిలుచుకుంటారు. 18వ శతాబ్దంలో దూసుకొచ్చిన అదే గ్లేసియర్ వాళ్ళ ఊళ్ళను తుడిచిపెట్టింది కూడా. కాబట్టి వాతావరణం సంగతి తెలుసుకోవాలంటే సముద్రంలో కాలు పెట్టినదాన్ని అడిగితే తిక్క సమాధానం చెబుతుంది. నేల మీద ఆగిన గ్లేసియర్లను అడగాలి. వాటిలో అత్యధిక భాగం తగ్గిపోతున్నాయి, అందులో దాపరికం లేదు.

సరే, ఇక కళ్ళ ముందున్నదాని సంగతి. మొదటి పది నిమిషాలు ఎవరికైనా నిరాశే, ఇంతేనా అనిపిస్తుంది. అక్కడ చెట్టూ ఇల్లూ ఏమీ ఉండవు కాబట్టి గోడ ఎత్తు కంటికి ఆనదు. మంచు ముందు దుమ్ము రేణువుల్లా తెల్లగా ఏవో ఎగురుతుంటాయి. దుప్పటివాళ్ళలో ఒకావిడ తన బైనాక్యులర్స్ ఇస్తే చూశాను. పక్షులు! కిట్టివేక్ అనే ఒక రకం సముద్రపు కాకులు, రెక్కలు చాపితే ఇంచుమించు మూడడుగులు ఉంటాయి. అవి చుక్కల్లా ఉన్నాయంటే ఆ గోడ ఎంతుండాలి? అప్పుడు మంచు ఒక్కసారిగా పెరిగి నా మీదకు వచ్చినట్టయింది.

విరగడం చూడాలంటే చెవుల్ని నమ్ముకోకూడదు. చప్పుడు కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది. ఉరుములాంటి మోత విని ఎక్కడా అని తల తిప్పేసరికి నీళ్ళు చిమ్మి, అల లేచి, అంతా అయిపోతుంది. గోడలో ఒక చోట చిన్న చిన్న ముక్కలు గుప్పెళ్ళతో జల్లినట్టు రాలుతుంటే, కళ్ళు అక్కడ నిలపాలి. తరచూ పెద్ద ముక్క విరిగేది ఆ పక్కనే. అన్నీ పైనుంచే పడవు. నీటి అడుగున విరిగిన గడ్డ హఠాత్తుగా పైకి తన్నుకొస్తుంది. ఓడలు దూరంగా ఆగడానికి ఇదొక పెద్ద కారణం.

నీలం రంగు గురించి రకరకాలుగా చెబుతారు, ఆకాశం నీడ అని, ఏవో లవణాలని. అవేం కాదు. తాజా మంచులో గాలి ఎక్కువ, వెలుగును అన్ని వైపులా చెదరగొట్టి తెల్లగా కనిపిస్తుంది. గ్లేసియర్ అడుగున బరువుకు గాలి బుడగలు నలిగిపోయి మంచు బిగుసుకుంటుంది. వెలుగు అందులో లోతుగా ప్రయాణించేటప్పుడు ఎర్ర రంగును మంచు మింగేస్తుంది, మిగిలిన నీలం మన దాకా వస్తుంది. ఇప్పుడే విరిగిన చోట నీలం మరీ చిక్కగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు ఇంకా బాగుంటుంది, కాబట్టి ఎండ లేదని దిగులు అక్కర్లేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం చప్పుడే. ఓడ ఇంజన్లు దాదాపు ఆపేశాక, నీళ్ళలో తేలే చిన్న గడ్డల నుంచి చిటపటమని సన్నని శబ్దం వస్తుంది, సోడా గ్లాసు చెవి దగ్గర పెట్టుకున్నట్టు. ఎప్పుడో మంచులో చిక్కి నలిగిన గాలి, గడ్డ కరిగేకొద్దీ బుడగ బుడగగా పేలుతోంది. అది పైన మనకు వినబడే సంగతి. నీళ్ళ కింద ఈ బుడగల మోత వల్లే గ్లేసియర్ ఉన్న ఫియోర్డులు సముద్రంలో సహజంగా అతి ఎక్కువ చప్పుడుండే చోట్లలో చేరాయి.

జంతువుల దగ్గరికి వస్తే, చాలామంది చేసే పొరపాటు మంచు ముందు నిలబడి తిమింగలాల కోసం వెతకడం. ఎవరెక్కడుంటారో కడుపు నిర్ణయిస్తుంది. హంప్‌బ్యాక్ తిమింగలాలు ఎక్కువగా అఖాతాల నోటి దగ్గర ఉంటాయి. పోటుపాట్లకు నీళ్ళు సుళ్ళు తిరిగే ఆ ఇరుకుల్లో చిన్న చేపలు, రొయ్యల్లాంటి క్రిల్ గుంపులు చేరతాయి. చలికాలమంతా హవాయి నీళ్ళలో దాదాపు పస్తుండి ఈతకొట్టుకుంటూ వచ్చిన జీవాలు అవి, తిండి ఎక్కడుంటే అక్కడే. కాబట్టి తిమింగలాల్ని ఓడ లోయలోకి తిరిగే ముందూ, బయటికి వచ్చాకా చూడాలి.

మంచు మూతి దగ్గర కిట్టివేక్‌లకు వేరే లాభం ఉంది. గ్లేసియర్ అడుగున కరిగిన మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి గోడ వెంట పైకి ఉబుకుతుంది, తనతో పాటు లోతులోని చిన్న జీవుల్నీ మోసుకొస్తుంది. పక్షులు గుంపులుగా ఒకేచోట నీళ్ళ మీద వాలుతున్నాయంటే కింద నీటి ఊట ఉన్నట్టే.

తేలే గడ్డల మీద నల్లని నిమ్మకాయల్లా కనిపించేవి హార్బర్ సీల్స్. మే చివర, జూన్‌లో అవి పిల్లల్ని పెట్టేది ఈ గడ్డల మీదే. ముక్కలు ముక్కలుగా మంచు కిక్కిరిసిన నీళ్ళలో ఓర్కాలనే వేట తిమింగలాలకు వేట కష్టం. అంటే ఇందాక మా పెద్దాయన అయ్యో అన్న ఆ విరిగిన మంచే సీల్స్‌కు పురిటిగది. ఇక్కడే ఓడకూ జంతువుకూ తగాదా. ఓడ దగ్గరికొస్తే తల్లి నీళ్ళలోకి దూకుతుంది, పిల్లకు పాలూ విశ్రాంతీ రెండూ పోతాయి. ఓడ అర కిలోమీటరు కంటే దగ్గరికి వచ్చినకొద్దీ ఇలా నీళ్ళలోకి దూకడం బాగా పెరుగుతుందని డిజెన్‌చాంట్‌మెంట్ బేలో జరిగిన పరిశీలనల్లో తేలింది. గ్లేసియర్ బేలో జాన్స్ హాప్కిన్స్ పాయను పిల్లల కాలంలో క్రూయిజ్ ఓడలకు మూసేయడం అందుకే. జాతీయ పార్కైన గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలకే అనుమతి. హంప్‌బ్యాక్‌లకు 100 గజాల లోపు వెళ్ళకూడదన్నది అలాస్కా నీళ్ళన్నిటికీ ఉన్న చట్టం. ఇంకొంచెం ముందుకు పోనీ అని డెక్ మీద గొణిగేవాళ్ళు ప్రతి ఓడలోనూ ఉంటారు. నేనైతే దూరమే నయమంటాను, మంచి బైనాక్యులర్స్ ఉంటే. పెట్టె అడుగున పెట్టకుండా ఉంటే.

సముద్రపు నీటికుక్కల్ని (సీ ఆటర్లని) మాత్రం వెతకక్కర్లేదు, అవే వెల్లకిలా తేలుతూ ఓడ పక్క నుంచి పోతాయి. సీల్స్‌కున్న కొవ్వు పొర వీటికి లేదు, చలికి అడ్డం బొచ్చొక్కటే. అతి ఒత్తుగా ఉన్న చోట చదరపు అంగుళానికి దాదాపు పది లక్షల వెంట్రుకలు. ఆ బొచ్చు కోసమే రష్యన్లు 18వ శతాబ్దంలో ఈ తీరానికి వచ్చారు, 1911లో ఒప్పందం కుదిరేనాటికి ఈ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మళ్ళీ పుంజుకున్నాక ఎక్సాన్ వాల్డెజ్ చమురు వచ్చి పడింది. బొచ్చుకు నూనె అంటితే చలి ఆపలేదు. వేలల్లో చచ్చిపోయాయి. ఇప్పుడు ప్రిన్స్ విలియం సౌండ్‌లో ఇవి హాయిగా ఈదుతుంటే చూసి మురిసిపోతాం గానీ, ఇదంతా తెలిసి చూడడం వేరు.

ఎక్కడ నిలబడాలన్నదానికి నా సలహా ఒకటే. బాల్కనీ ఉన్నా అందులో ఉండిపోవద్దు, ఒక పక్కే కనిపిస్తుంది. కెప్టెన్ ఓడను మెల్లగా గుండ్రం తిప్పుతాడు కాబట్టి పై డెక్‌లో ముందు భాగాన ఉంటే అన్నీ దొరుకుతాయి. జూన్‌లో అక్కడ రాత్రి పదకొండు దాటినా వెలుతురుంటుంది. భోజనం తర్వాతైనా తినొచ్చు.

మర్నాడు విట్టియర్‌లో దిగినవాళ్ళకు బయటికి పోవడానికి కొండ కింద 4 కిలోమీటర్ల సొరంగం ఒక్కటే దారి. రైళ్ళకూ కార్లకూ కలిపి ఒకే వరస, అటుదొకసారి, ఇటుదొకసారి వదులుతారు. మా బస్సు వంతు వచ్చేదాకా కూర్చుని, చీకట్లోంచి అవతల తేలాం. అక్కడ పోర్టేజ్ సరస్సు ఒడ్డున ఒక సందర్శకుల భవనం ఉంది. 1986లో కట్టారు, పోర్టేజ్ గ్లేసియర్‌ను పెద్ద పెద్ద అద్దాల్లోంచి చూడడానికి. కాసేపు ఆపితే వెళ్ళి ఆ అద్దాల దగ్గర నిలబడ్డాం. సరస్సుంది, కొండలున్నాయి, గ్లేసియర్ లేదు. అది మలుపు దాటి కనబడనంత వెనక్కి పోయిందని, చూడాలంటే పడవెక్కాలని చెప్పారు. ఓడలో అయ్యో అన్న పెద్దాయన అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు వెతికాడు. ఈసారి ఏమీ అనలేదు.